లివర్ మార్పిడి అయిన పాప ఇంట్లో ఉంటే తలుపు ఎంత తీయాలి?

ప్రశ్న: మాది గుత్తి దగ్గర పల్లె. మా పాపకు అయిదేళ్ళు. పుట్టుకతోనే పైత్యనాళాలు మూసుకుపోయిన జబ్బు, బిలియరీ అట్రీషియా అన్నారు. ఎనిమిది నెలల కిందట బెంగళూరులో నా లివర్ ముక్క తీసి పాపకు పెట్టారు. రిపోర్టులు బాగున్నాయంటున్నారు. అయినా అప్పట్నుంచి మేం ఇల్లు కదల్లేదు, ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. మా ఆయన లారీ మీద పోతే వారం దాకా రాడు. కామెర్లు మళ్ళీ రాకుండా అని మా అత్త పసరు తెచ్చింది, నేను పారబోశాను, ఇద్దరి మధ్యా మాటల్లేవు. మరిదికి ఏడాదిన్నర బాబున్నాడు, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. తొమ్మిదేళ్ళ మా పెద్దోడు "నాకూ కడుపు కోయించు, అప్పుడన్నా నా పక్కన కూర్చుంటావు" అన్నాడు. పాపను ఒకటో తరగతిలో చేర్చుకోడానికి హెడ్మాస్టరు వెనకాడుతున్నారు. కసాపురం మొక్కు తీరలేదు. "ఈ పిల్ల ఎన్నాళ్ళుంటుందో" అని మా వాళ్ళే అంటున్నారు. మాలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? ఎట్లా కలవాలి? పాప తన కడుపు మీది మచ్చ చూపించి ఇదేంటమ్మా అంటే ఏం చెప్పాలి?
ఒక తల్లి, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, మీలాంటివాళ్ళు ఉన్నారు. వాళ్ళను కలిసే దారి కింద చెప్తాం. ముందు ఆ తలుపు సంగతి. మార్పిడి అయిన మొదటి మూడు నెలలు రోగనిరోధక శక్తిని అణిచే మందుల మోతాదు ఎక్కువ, అందుకే అంత కట్టుదిట్టం. తర్వాత మెల్లగా తగ్గిస్తారు. మూడు నుంచి ఆరు నెలలు దాటి, రక్తపరీక్షలు నిలకడగా ఉంటే చాలామంది పిల్లల్ని డాక్టర్లే బడికి పంపమంటారు. వచ్చే చెకప్‌లో "బడికి పంపొచ్చా, గుడికి తీసుకుపోవచ్చా" అని నేరుగా అడిగి, వాళ్ళ మాట ఫైల్లో రాయించుకోండి. గాలికీ చుట్టానికీ గడపకీ మందుకీ ఒకే తీరుగా భయపడుతూ ఉంటే మనిషి అలసిపోతుంది. అలసిపోయిన రోజే అసలు చోట తప్పు జరుగుతుంది. గట్టిగా పట్టుకోవాల్సినవి కొన్నే ఉన్నాయి, అవి చెప్తాం.

అన్నిటికన్నా ముందు టాక్రోలిమస్, కొత్త లివర్‌ను పాప ఒళ్ళు తిప్పికొట్టకుండా చూసే మందు. పన్నెండు గంటలకోసారి, రోజూ అదే టైముకు. ఉదయం 8, రాత్రి 8 అనుకుంటే అదే. ఖాళీ కడుపున ఇస్తే రోజూ ఖాళీ కడుపునే, తిన్నాక ఇస్తే రోజూ తిన్నాకే. ఒకరోజు సంగటి తిన్నాక, ఒకరోజు తినకముందు ఇస్తే ఒంటికి పట్టే మందు మారిపోతుంది. మీ ఫోన్లో ఒక అలారం, ఇంట్లో ఉండే ఇంకొకరి ఫోన్లో ఒకటి పెట్టండి. మందు గొంతు దిగాకే క్యాలెండర్ మీద టిక్కు పడాలి, గిన్నెలో తీసినప్పుడు కాదు.

రక్తంలో ఈ మందు ఎంత ఉందో చూసే లెవెల్ టెస్టు రోజు పొద్దున జరిగే పొరపాటు ఒకటుంది. రక్తం తీయాల్సింది రాత్రి మందుకు పన్నెండు గంటల తర్వాత, ఉదయం మందుకు ముందు. తెల్లారి లేచిన తొందరలో అలవాటు కొద్దీ మందు ఇచ్చేసి ల్యాబుకు పోతే లెవెల్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అది చూసి డాక్టరు మోతాదు తగ్గిస్తారు. పాప ఒంట్లో నిజంగా ఉన్నది సరిపోయేంతే కాబట్టి ఇప్పుడది తక్కువైపోతుంది, రిజెక్షన్‌కు, అంటే ఒళ్ళు కొత్త లివర్‌ను తిప్పికొట్టడానికి, దారి పడుతుంది. అందుకని టెస్టుకు ముందు రాత్రే ఉదయం మందును చిన్న డబ్బాలో వేసి మీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి, సూది తీసిన తర్వాతే ఇవ్వండి. పొరపాటున ఇచ్చేస్తే దాచొద్దు, ఎన్ని గంటలకు ఇచ్చారో చీటీ మీద రాసి ఇవ్వండి. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. పద్ధతి మారితే అంకె మారుతుంది, పాపలో మార్పు ఉందో లేదో తెలీదు.

మీ ట్రాన్స్‌ప్లాంట్ సెంటరును మూడు సంగతులు అడిగి వంటింటి గోడ మీద రాసి పెట్టుకోండి: మందు ఆలస్యమైతే ఎన్ని గంటల దాకా ఇవ్వొచ్చు, కక్కితే ఎన్ని నిమిషాల లోపైతే మళ్ళీ ఇవ్వాలి, డోసు పూర్తిగా తప్పిపోతే ఏం చేయాలి. సెంటరును బట్టి జవాబు మారుతుంది. ఎక్కడైనా మారనిది ఒక్కటే, రెండు డోసులు కలిపి ఇవ్వకూడదు. మెడికల్ షాపులో "ఇదీ అదే మందమ్మా, కంపెనీ వేరే" అంటే ఆ పూటే ఫోన్ చేయండి. కంపెనీ మారిస్తే లెవెల్ మళ్ళీ చూడాలి. కనీసం పదిహేను రోజుల మందు ఇంట్లో మిగులు ఉంచుకోండి. గుత్తి ఎండల్లో రేకుల కింద అలమరలో మందు పెట్టొద్దు, ఇంట్లో చల్లగా ఉండే గదిలో పెట్టండి. ద్రవరూపంలో కలిపి ఇచ్చే మందైతే ఎక్కడ ఉంచాలో, ఎన్ని రోజులు పనికొస్తుందో ఇచ్చినవాళ్ళనే అడగండి. ప్రతిసారీ సీసా బాగా కుదిపి సిరంజితో కొలవండి. కుదపకపోతే మందు అడుగున పేరుకుని పైన నీళ్ళే వస్తాయి.

ఇప్పుడు మీ అత్తగారి పసరు. పారబోసి మంచి పని చేశారు. ఎందుకో ఆమెకు తెలిసేలా చెప్పడం మిగిలింది. ఇట్లా చెప్పి చూడండి: "అత్తా, కొత్త కోడలు ఇంటికొస్తే కుక్క మొరుగుతుంది కదా. పాప ఒంట్లో కుక్క లాంటి కాపలా ఒకటుంది. నా లివర్ దానికి కొత్త కోడలు. ఎన్నేళ్ళయినా ఆ కుక్క దాన్ని పూర్తిగా ఇంటి మనిషి అనుకోదు. ఈ మందు కుక్కను కట్టేసి ఉంచుతుంది. బలానికని మనం ఇంకేదో ఇస్తే కుక్కను ఉసిగొల్పినట్టే." తిప్పతీగ, నేల ఉసిరి, రోగనిరోధక శక్తి పెంచుతుందని అమ్మే పొడులు, లేహ్యాలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. తిప్పతీగ వల్ల మామూలు మనుషులకే లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలో ఉన్నాయి. చెప్పి ఊరుకోకండి, ఆమెకో పని ఇవ్వండి. పాప తాగే నీళ్ళు తెర్లకాచి చల్లార్చి మూతపెట్టడం అవ్వ పని. వద్దన్న మనిషికే బాధ్యత ఇస్తే మాటలు తిరిగి మొదలవుతాయి.

ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరుకు పాప బాగున్నప్పుడే వెళ్ళి చెప్పండి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్ వద్దు. టాక్రోలిమస్‌కు తోడు ఇవి పడితే కిడ్నీలు దెబ్బతింటాయి. పిల్లల జ్వరం సిరప్పుల్లో చాలా వాటిలో పారాసిటమాల్‌తో పాటు వీటిలో ఏదో ఒకటి కలిసే ఉంటుంది, సీసా వెనక చదవాలి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కు వాడే ఫ్లుకోనజోల్ లెవెల్‌ను పైకి తోస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ కిందికి లాగుతాయి. ఈ పేర్లన్నీ ఒక కార్డు మీద రాసి, పాప బరువు, ఆపరేషన్ తేదీ, ఇప్పటి మందులు, మోతాదులు, సెంటరు ఫోన్ నంబరు చేర్చి లామినేషన్ చేయించండి. ఒకటి ఇంట్లో, ఒకటి బడిలో, ఒకటి మీ ఆయన దగ్గర ఉండాలి. మోతాదు మారిన ప్రతిసారీ కొత్తది రాయాలి. పాత కార్డు అసలు కార్డు లేకపోవడం కన్నా ప్రమాదం.

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకితే ఆ గంటే ఫోన్, అర్ధరాత్రయినా సరే. పొద్దున చూద్దాం అనుకునే జ్వరం కాదది. సెంటరు ఇమ్మంటే పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. లెక్కన. పదహారు కిలోల పాపకు 240. ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, 5 ఎం.ఎల్.కు 120 మి.గ్రా. ఉండే సీసా ఒకటి, 250 ఉండేది ఇంకొకటి దొరుకుతాయి. మొదటిదైతే 10 ఎం.ఎల్. పడుతుంది, రెండోదైతే 5 కన్నా కొంచెం తక్కువ. ఇంట్లో ఒకే రకం సీసా ఉంచండి.

విరేచనాలు పట్టుకుంటే తేలిగ్గా తీసుకోవద్దు. నీరు పోవడం ఒకటి, ఆ సమయంలో టాక్రోలిమస్ ఒంటికి ఎక్కువగా పట్టి లెవెల్ పెరగడం ఇంకొకటి. ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఆ రోజే ఫోన్ చేయండి. మందు మీరై తగ్గించొద్దు. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగయినా, మలం సున్నం రంగుకు తిరిగినా, ఒళ్ళు దురద పెట్టినా అంతే. రిజెక్షన్ చాలాసార్లు బయటికేమీ కనపడకుండా రక్తపరీక్షలోనే దొరుకుతుంది, పాప హుషారుగా ఉంది కదా అని టెస్టు వాయిదా వేయకండి.

మన ఊళ్ళలో అమ్మవారు పోసిందంటే వేపమండలు కట్టి, మందు ముట్టకుండా ఉంటాం. ఈ పాప విషయంలో ఆ ఆచారం ఆగాలి. పక్కింట్లోనో బడిలోనో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని తెలిస్తే, మీ పాప ఒంటి మీద ఒక్క పొక్కు లేకపోయినా ఆ రోజే ఫోన్ చేయాలి. ముందుగా ఇచ్చే రక్షణ ఇంజెక్షన్ నాలుగు రోజుల్లోపు పడితే బాగా పనిచేస్తుంది. తట్టుకూ అదే తొందర. వేపమండ గుమ్మానికి కట్టుకోండి, దానివల్ల నష్టం లేదు, ఫోన్ మాత్రం ముందు చేయండి.

మరిది గారి బాబు సంగతి చాలామందికి తట్టదు. పోలియో చుక్కల్లో బతికున్న వైరస్ ఉంటుంది, వేసుకున్న బిడ్డ మలంలో కొన్ని వారాలు బయటికొస్తుంది. మీ పాపకు చుక్కలు వేయకూడదు, ఒకే ఇంట్లో ఉన్న బాబుకూ వేయకూడదు. అతనికి ఇంజెక్షన్ రూపంలోని పోలియో టీకా ఇప్పించాలి. పల్స్ పోలియో ఆదివారం ఆశా కార్యకర్త గడపలోకి రాకముందే ఏఎన్ఎంకు ఈ సంగతి చెప్పి ఉంచండి. ఇప్పటికే వేసి ఉంటే కొన్ని వారాలపాటు బాబు మలం తీసిన చేతులు సబ్బుతో బాగా కడుక్కోవాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. బాబుకు తట్టు టీకా మాత్రం తప్పకుండా వేయించండి, దానివల్ల పాపకు ముప్పు లేదు. ఫ్లూ ఇంజెక్షన్ ఇంటిల్లిపాదీ ఏటా వేయించుకుంటే ఇంకా మంచిది.

తిండి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అప్పుడే వండింది, వేడిగా ఉన్నది ఏదైనా పెట్టొచ్చు: సంగటి, పప్పు, పూర్తిగా ఉడికిన గుడ్డు. పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ పూర్తిగా వద్దు, లెవెల్ పెంచేస్తాయి. చీనీకాయలతో ఆ గొడవ మామూలుగా ఉండదు, అయినా మీ సెంటరును ఒకసారి అడిగి, ఇంట్లో మీరే ఒలిచి పెట్టండి, రోడ్డు మీద జ్యూసు వద్దు. పచ్చి పాలు, కోసి అమ్మే పండు, పానీపూరీ వద్దు. బూజు వాసన వచ్చే శెనక్కాయలు పారేయండి. నూర్పిడి జరిగే కళ్ళం దగ్గరికి, పశువుల కొట్టంలోకి పాపను తీసుకుపోవద్దు. ఆ దుమ్ములో ఫంగస్ ఉంటుంది.

కసాపురం పోండి. శ్రావణ శనివారాలు వద్దు, మామూలు రోజు తెల్లవారుజామున వెళ్ళండి. తలనీలాలకు కొత్త బ్లేడు మీ కళ్ళముందే విప్పించండి. తీర్థం, పంచామృతం పాప నోట్లో పోయొద్దు, నెత్తి మీద చల్లుకుంటే చాలు.

బడి. హెడ్మాస్టరు వెనకాడేది ఆయన చేతుల్లో పాపకేమైనా అవుతుందేమోనని. ఆ భయం తీర్చే కాగితం తీసుకెళ్ళండి, డాక్టరు సంతకంతో ఒక పేజీ చాలు, అందులో ఈ సంగతులు ఉండాలి. పాపకున్న జబ్బు ఎవరికీ అంటదు. తరగతిలో ఆటలమ్మ, తట్టు, గవదబిళ్ళలు వస్తే ఆ రోజే తల్లికి చెప్పాలి. జ్వరమొస్తే బడిలో ఏ మాత్రా ఇవ్వకుండా తల్లికి ఫోన్ చేయాలి. నీళ్ళు తన సీసాలోవే తాగుతుంది. మధ్యాహ్న భోజనం వేడిగా వడ్డించినప్పుడే తింటుంది. పరుగులు, తొక్కుడుబిళ్ళ ఆడొచ్చు. పొట్టకు గట్టి దెబ్బ తగిలే ఆటలు ఎప్పటినుంచి ఆడొచ్చో డాక్టరు రాస్తారు. మందు 8కీ 8కీ కాబట్టి బడిలో ఇవ్వాల్సిన పనే ఉండదు, ఆ మాట వినగానే సగం టీచర్ల గుండె కుదుటపడుతుంది.

ఇక మనుషులు. "ఎవరూ తోడు లేరు" అనే తల్లుల్ని గట్టిగా అడిగితే, చాలామందికి చుట్టుపక్కల మనుషులున్నారు, వాళ్ళకు ఏం చేయాలో తెలీదు. పరామర్శకు వచ్చి అనకూడని మాట అని పోవడం అందుకే. అడిగేటప్పుడు పని పేరుపెట్టి అడగండి. బండి ఉన్న పక్కింటి అబ్బాయికి: "నాన్నా, రాత్రిపూట పాపకు జ్వరమొస్తే అనంతపురం దాకా నువ్వే రావాలి, ఫోన్ ఆన్‌లో పెట్టుకో." మీ అక్కచెల్లెళ్ళలో ఒకరికి: "నెలకోసారి నేను బెంగళూరు పోయే రోజు పెద్దోడి దగ్గర నువ్వుండు." మెడికల్ షాపాయనకు: "స్టాకు పది రోజులకు సరిపోయేంతకు తగ్గితే నాకు ఒక మాట చెప్పన్నా." చుట్టాలందరికీ వాట్సాప్‌లో ఒకటే మెసేజ్ పెట్టండి: "పాప బాగుంది. చూడ్డానికి రండి. జలుబు, జ్వరం ఉంటే తగ్గాక రండి. వచ్చినవాళ్ళు చేతులు కడుక్కుని కూర్చోండి. బయటి తిండి తేవద్దు, బొమ్మలు, పుస్తకాలు తెండి." తలుపు తీయడమంటే ఇదే.

మీలాంటి కుటుంబాలను కలపగలిగిన మనిషి మీ ఆసుపత్రిలో మార్పిడి కేసుల పనులు చూసే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్. ఇంకో కుటుంబం నంబరు తనంతట తాను ఇవ్వకూడదు, ఇద్దరూ ఒప్పుకుంటేనే ఇస్తారు. అందుకే ఇట్లా అడగండి: "మా నంబరు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు. రాయలసీమ నుంచి, తెలుగు మాట్లాడే కుటుంబం, ఆపరేషన్ అయి రెండు మూడేళ్ళు దాటిన పిల్ల ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే మా నంబరు వాళ్ళకు ఇవ్వండి." మీతోపాటే ఆపరేషన్ అయినవాళ్ళకన్నా రెండేళ్ళు ముందున్నవాళ్ళు ఎక్కువ ఉపయోగం. బడిలో చేర్చడం, మొదటి ఆటలమ్మ భయం వాళ్ళు దాటి వచ్చి ఉంటారు. చెకప్ రోజు కూడా ఒక దారే. లివర్ క్లినిక్ సాధారణంగా వారంలో ఒకే రోజు పెడతారు, హాల్లో మాస్కు పెట్టుకున్న పిల్ల పక్కన మందుల డబ్బా పట్టుకుని కూర్చున్న తల్లి కనపడితే మీరే పలకరించండి. అట్లా ముగ్గురు నలుగురు కలిస్తే గ్రూపు పెట్టుకోవచ్చు. ఏ ఊళ్ళో మందు దొరుకుతుంది, బడికి ఏం రాసిచ్చారు, రాత్రి నిద్రపట్టకపోతే ఎవరికి చెప్పుకోవాలి, వీటికి ఆ గ్రూపు బంగారం. కానీ "మా పాపకు లెవెల్ 6, మీకెంత" అనే పోలిక పెట్టొద్దు, ఒకరిని చూసి ఒకరు మోతాదు మార్చొద్దు. ఎంత లెవెల్ ఉండాలనేది పిల్లను బట్టి, ఆపరేషనై ఎన్నాళ్ళయిందనేదాన్ని బట్టి మారుతుంది.

డబ్బు. ఎన్టీఆర్ భరోసా పింఛన్లలో అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళకు ప్రత్యేకంగా ఒక వర్గం ఉంది, 2024 జూలై నుంచి నెలకు 10,000 రూపాయలు. డిశ్చార్జి సమ్మరీ, పాప ఆధార్, రేషన్ కార్డు, డాక్టరు సర్టిఫికెట్ పట్టుకుని గ్రామ సచివాలయంలో అడగండి, అర్జీ పెట్టిన రసీదు తీసుకోండి. ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా అర్జీ పెడతారు. దానికి ఒరిజినల్ బిల్లులు ఇవ్వాలి కాబట్టి ముందే అన్నీ జిరాక్సు తీసుకోండి. రైళ్ళలో కిడ్నీ పేషెంట్లకు రాయితీ ఉంది, లివర్ ఆ జాబితాలో లేదు, దానికోసం తిరిగి అలసిపోకండి.

మీ పెద్దోడి మాట మమ్మల్ని కలచివేసింది. వాడికి కాపలా పని అప్పజెప్పకండి, "చెల్లికి మందు ఇచ్చావా చూడు" అనొద్దు. వారంలో ఒక గంట వాడిది. పాప అవ్వ దగ్గర, మీరిద్దరే, ఆ గంట పాప పేరెత్తకండి. ఒక చెకప్‌కు వాణ్ణి బెంగళూరు తీసుకుపోయి చూపించండి. ఇంట్లో గుసగుసలు విని వాడు ఊహించుకున్నది అసలుకన్నా భయంకరంగా ఉంటుంది.

మీ ఒళ్ళు కూడా కోసినదే. ఇచ్చిన లివర్ కొన్ని నెలల్లోనే దాదాపు పూర్తి పరిమాణానికి పెరుగుతుంది, అయినా మీ చెకప్ మీరు మానొద్దు. కోత దగ్గర ఉబ్బినట్టు కనిపిస్తే హెర్నియా కావచ్చు, చూపించుకోండి. ఏడుపు ఆగకపోయినా, నిద్రపట్టకపోయినా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

"ఎన్నాళ్ళుంటుందో" అన్నవాళ్ళకు ఈ సంగతి చెప్పండి. 1998 నవంబరులో ఢిల్లీలో, ఏడాదిన్నర దాటిన సంజయ్ కందసామి అనే తమిళ పిల్లాడికి తండ్రి లివర్ ముక్క పెట్టారు, మీ పాపకున్న జబ్బుకే. మన దేశంలో పిల్లల్లో విజయవంతమైన మొదటి లివర్ మార్పిడి అదే. ఆ పిల్లాడు పెద్దయి డాక్టరయ్యాడు. లివర్ మార్పిడి అయిన ఆడపిల్లలు పెద్దయి పెళ్ళి చేసుకుని బిడ్డల్ని కంటున్నారు.

మచ్చ గురించి పాపకు అబద్ధం చెప్పకండి, గీసుకుపోయిందని, ఆటలో పడ్డావని. స్నానం చేయించేటప్పుడు మీ మచ్చ కూడా చూపించండి. "నీ లివర్ పాడైంది. నాది కొంచెం కోసి నీకు పెట్టారు. ఇది నాది తీసిన చోటు, ఇది నీకు పెట్టిన చోటు." అయిదేళ్ళ పిల్లకు ఇంతకన్నా అక్కర్లేదు, అడిగితే మళ్ళీ చెప్పొచ్చు. బడిలో పిల్లలు అడిగితే ఏమనాలో కూడా ఇంట్లోనే రెండు మూడు సార్లు అనిపించండి: "నా పొట్టలో మా అమ్మ లివర్ ఉంది, అందుకే మందు వేసుకుంటా. రా, ఆడుకుందాం."